కంప్యూటర్‌తో రోబోను నడపడం: యూఎస్‌బీ వైరు నుంచి చక్రం దాకా

మైక్రోకంట్రోలర్ (మోటార్లు, సెన్సర్లను నడిపే చిన్న చిప్) బోర్డును కంప్యూటర్‌కు తగిలించి లైటు వెలిగించడం పది నిమిషాల పని. నడుస్తుండగా వైరు ఊడినా, కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ బిగుసుకుపోయినా రోబో తనంతట తానే ఆగేలా చేయడానికి మాత్రం ఒక సాయంత్రం పడుతుంది. కింద చెప్పిన వరుసంతా ఆ రెండో పని కోసమే. ముందు కంప్యూటర్, బోర్డు సరిగ్గా మాట్లాడుకోవాలి. అది తేలాకే మోటార్లు తగిలించాలి. అన్నీ ఒకేసారి కలిపి స్విచ్ వేస్తే, నడవనప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడానికే వారం పోతుంది.

కంప్యూటర్ ఉండగా మధ్యలో మైక్రోకంట్రోలర్ ఎందుకంటే, కంప్యూటర్‌కు సమయపాలన లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ వేరే పనిలో పడి పదుల మిల్లీసెకన్లు మన ప్రోగ్రామ్‌ను పక్కన పెట్టేయగలదు. మోటారుకు సెకనుకు వందల సార్లు పల్స్ ఇవ్వడం దాని వల్ల అయ్యే పని కాదు. అందుకే ఎటు వెళ్లాలో, ఎంత వేగంతో వెళ్లాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది, ఆ వేగాన్ని చక్రం మీద నిలబెట్టే పని బోర్డు చూసుకుంటుంది.

కావలసినవి

ఆర్డుయినో యూనో ఆర్3 బోర్డు ఒకటి, దానికి సరిపడే డేటా యూఎస్‌బీ కేబుల్. టీబీ6612 మోటారు డ్రైవర్ మాడ్యూల్ ఒకటి (బోర్డు ఆజ్ఞను బట్టి బ్యాటరీ కరెంటును మోటార్లకు అందించేది). పసుపు రంగు గేర్ మోటార్లు రెండు (3 నుంచి 6 వోల్టులవి). నాలుగు రీచార్జబుల్ ఏఏ సెల్స్ పట్టే హోల్డర్, స్విచ్. 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు రెండు (మీద 104 అని ఉంటుంది), 470 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఒకటి, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు మూడు, జంపర్ వైర్లు, మల్టీమీటర్.

మోటారు డ్రైవర్ గురించి ఒక మాట. ఎరుపు బోర్డు మీద నల్లటి హీట్‌సింక్‌తో వచ్చే ఎల్298ఎన్ చాలా కిట్లలో ఉంటుంది. అది పాతకాలపు బైపోలార్ ట్రాన్సిస్టర్ల చిప్. మోటారుకు చేరేలోపు తానే దాదాపు 2 వోల్టులు మింగేస్తుంది. నాలుగు సెల్స్ నుంచి వచ్చే 4.8 వోల్టులలో 2 పోతే మోటారుకు మిగిలేది 3 కంటే తక్కువే. టీబీ6612లో మాస్‌ఫెట్లు అనే వేరే రకం ట్రాన్సిస్టర్లు ఉంటాయి కాబట్టి నష్టం చాలా తక్కువ. ఒక్కో చానల్‌కు 1.2 ఆంపియర్లు నిలకడగా ఇస్తుంది, ఇలాంటి చిన్న మోటార్లకు అది చాలు. ఎల్298ఎన్ ఇప్పటికే మీ దగ్గర ఉంటే బ్యాటరీ 7.4 వోల్టులది పెట్టుకోండి.

మొదటి మెట్టు: పోర్టు కనబడాలి

బోర్డును కంప్యూటర్‌కు తగిలించగానే కొత్త సీరియల్ పోర్టు (బోర్డుతో బైట్లు పంపుకునే దారి) రావాలి. విండోస్‌లో కామ్3, కామ్4 లాంటి పేరుతో డివైస్ మేనేజర్‌లో కనిపిస్తుంది. లినక్స్‌లో బోర్డు మీది చిప్‌ను బట్టి టీటీవైఏసీఎం0 అనో, టీటీవైయూఎస్‌బీ0 అనో వస్తుంది. మ్యాక్‌లో ఒకే పోర్టుకు రెండు పేర్లుంటాయి, సీయూతో మొదలయ్యేదాన్ని వాడండి.

బోర్డు మీద పవర్ లైటు వెలుగుతున్నా పోర్టు రాకపోతే మొదట కేబుల్‌నే అనుమానించండి. ఫోన్ చార్జర్లతో వచ్చే కొన్ని కేబుళ్లలో కరెంటు వైర్లు రెండే ఉంటాయి, డేటా వైర్లు ఉండవు. కేబుల్ మార్చినా రాకపోతే కంప్యూటర్‌లోని యూఎస్‌బీ డ్రైవర్ (బోర్డు మీది యూఎస్‌బీ చిప్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్) సంగతి చూడాలి. చవక బోర్డుల్లో ఎక్కువగా సీహెచ్340 చిప్ ఉంటుంది. కొన్ని కంప్యూటర్లలో దానికి డ్రైవర్ విడిగా ఎక్కించుకోవాలి.

లినక్స్ వాళ్లకు ఇక్కడ రెండు చిక్కులు. పోర్టు కనబడినా తెరవబోతే అనుమతి లేదంటుంది. మీ యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి (లాగిన్ మర్చిపోయి తలపట్టుకునేవాళ్లే ఎక్కువ). రెండోది ఉబుంటు 22.04లో బాగా కనబడే చిక్కు. సీహెచ్340 పోర్టు ఇలా వచ్చి అలా మాయమవుతుంది. అంధులు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేల సర్వీసు బీఆర్ఎల్‌టీటీవై, ఆ చిప్‌ను చూసి తన పరికరమే అనుకుని లాక్కుంటుంది. బ్రెయిలీ డిస్‌ప్లే వాడనివాళ్లు ఆ ప్యాకేజీని తీసేస్తే సరి.

రెండో మెట్టు: ప్రతిధ్వని పరీక్ష

ఇంకా ప్రోగ్రామ్ రాయకండి. యూనోలో రీసెట్ పిన్‌ను గ్రౌండ్‌కు ఒక జంపర్‌తో కలిపితే మైక్రోకంట్రోలర్ నిద్రపోయినట్టే. ఇప్పుడు 0, 1 పిన్‌లను ఇంకో జంపర్‌తో కలపండి. ఆర్డుయినో ప్రోగ్రామ్‌లు రాసే ఐడీఈలోని సీరియల్ మానిటర్ తెరిచి ఏది పంపితే అది తిరిగి రావాలి. వస్తే కేబుల్, యూఎస్‌బీ చిప్, డ్రైవర్, కంప్యూటర్ నాలుగూ బాగున్నట్టే. ఇక మీదట వచ్చే తప్పు మీ ప్రోగ్రామ్‌లోదో, వైరింగ్‌లోదో. పరీక్ష అయ్యాక రెండు జంపర్లూ తీసేయండి.

0, 1 పిన్‌లు యూఎస్‌బీ మాటల కోసమే ఉన్నవి. రోబోలో పిన్‌లు చాలక వాటికి ఏదైనా సెన్సర్ తగిలిస్తే, ప్రోగ్రామ్ ఎక్కేటప్పుడే మొరాయిస్తుంది.

మూడో మెట్టు: ఏం మాట్లాడుకోవాలి

చాలామంది ముందుకు ఒక అక్షరం, ఎడమకు ఒక అక్షరం అని మొదలుపెడతారు. బొమ్మకారుకు అది చాలు. వేగం తగ్గించాలన్నా, సన్నగా తిప్పాలన్నా చాలదు. నాలుగు బైట్ల ప్యాకెట్ పెట్టుకుంటే కష్టం పెద్దగా పెరగదు, పట్టు చాలా పెరుగుతుంది:

- మొదటి బైటు: 255. ఇక్కడ ప్యాకెట్ మొదలైందన్న గుర్తు.
- రెండోది: ఎడమ చక్రం వేగం, 0 నుంచి 200. 100 అంటే ఆగు, 200 అంటే పూర్తి ముందుకు, 0 అంటే పూర్తి వెనక్కి.
- మూడోది: కుడి చక్రం వేగం, అదే కొలతలో.
- నాలుగోది: సరిచూపు అంకె. రెండు వేగాలనూ కూడి 128తో భాగిస్తే వచ్చే శేషం.

ఉదాహరణకు ఎడమ 160, కుడి 140 పంపాలి. కూడితే 300, 128తో భాగిస్తే శేషం 44. వెళ్లే ప్యాకెట్ 255, 160, 140, 44. ఆగమని చెప్పే ప్యాకెట్ 255, 100, 100, 72. ఈ రెండిటినీ కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత పరీక్షకు పనికొస్తాయి.

వేగాలు 200 దాటవు, శేషం 127 దాటదు. కాబట్టి 255 అన్న అంకె మొదటి స్థానంలో తప్ప ఎక్కడా రాదు. మధ్యలో ఒక బైటు పోయినా బోర్డు తికమకపడదు, మళ్లీ 255 కనబడగానే కొత్తగా లెక్కపెట్టుకుంటుంది. 128ని ఎంచుకోవడానికీ ఒక కారణముంది. మొత్తం 256 దాటి బైటులో చుట్టి వచ్చినా 128 శేషం మారదు, రెండు వైపులా లెక్క ఒకటే వస్తుంది.

బాడ్ రేటు (సెకనుకు ఎన్ని బిట్లు వెళ్లాలన్న అంకె) 38400 పెట్టండి. ఒక్కో బైటుకు మొదలు, చివర గుర్తులతో కలిపి 10 బిట్లు, అంటే సెకనుకు 3840 బైట్లు. మన ప్యాకెట్ వెళ్లడానికి మిల్లీసెకను పైచిలుకు చాలు. ఎక్కువమంది 115200 వాడతారు. 16 మెగాహెర్ట్‌జ్ గడియారంతో యూనో ఆ రేటును కచ్చితంగా తయారుచేయలేదు, దాదాపు 2.1% తేడా వస్తుంది. కేబుల్ మీద అది నడిచిపోతుంది కానీ అవతలి పరికరం గడియారం కూడా కాస్త అటూ ఇటూ అయితే బైట్లు చెడతాయి. 38400 దగ్గర ఆ తేడా 0.2% మాత్రమే.

నాలుగో మెట్టు: బోర్డు వైపు ప్రోగ్రామ్

బోర్డులో ముఖ్యమైన లూప్ ఎక్కడా ఆగకూడదు. సీరియల్ అవైలబుల్ ఫంక్షన్‌తో బైట్లు వచ్చాయేమో చూసి, ఉన్నంతవరకు ఒక్కొక్కటే చదవాలి. ఎన్నో బైటు కోసం ఎదురుచూస్తున్నామో ఒక వేరియబుల్‌లో ఉంచుకోవాలి. వచ్చినది 255 అయితే ఏ స్థితిలో ఉన్నా లెక్క మొదటికి. తర్వాతి రెండూ వేగాలు. నాలుగోది లెక్కకు సరిపోతేనే ఆ వేగాలను మోటార్ల కోసం తీసుకోవాలి, మిల్లిస్ ఫంక్షన్ ఇచ్చే సమయాన్ని రాసుకోవాలి. సరిపోకపోతే ఆ ప్యాకెట్‌ను పారేసి, చెడు ప్యాకెట్ల లెక్కను ఒకటి పెంచాలి.

ఆ తర్వాత వచ్చే రెండు మూడు వరుసలు అన్నిటికన్నా ముఖ్యం. చివరి మంచి ప్యాకెట్ వచ్చి 300 మిల్లీసెకన్లు దాటితే, ఇంకేమీ ఆలోచించకుండా రెండు మోటార్లూ ఆపేయాలి. కంప్యూటర్ 50 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ పంపుతుంటుంది, కాబట్టి వరసగా ఆరు రాలేదంటే అవతల ఏదో జరిగినట్టే.

లూప్‌లో డిలే (ప్రోగ్రామ్‌ను అంతసేపు ఆపే ఫంక్షన్) వాడితే ఏమవుతుందో లెక్క కట్టి చూడండి. యూనోలో వచ్చే బైట్లకు ఉన్న చోటు 64 బైట్లు, అంటే 16 ప్యాకెట్లు. సెకనుకు 20 ప్యాకెట్లు వస్తుంటే 0.8 సెకనుకు అది నిండిపోతుంది. నిండాక వచ్చిన కొత్త బైట్లే పోతాయి, పాతవి అలాగే ఉంటాయి. అంటే సెకను డిలే తర్వాత లేచిన రోబో మీరు ఇప్పుడు పంపిన ఆగమన్న ఆజ్ఞను వదిలేసి, అప్పుడెప్పుడో చెప్పిన ముందుకు పద అన్నదాన్నే పాటిస్తుంది. అల్ట్రాసోనిక్ సెన్సర్‌తో వాడే పల్స్‌ఇన్ ఫంక్షన్ కూడా ఇదే కోవ. గడువు మీరు చెప్పకపోతే ఒక సెకను దాకా కాచుకుని కూర్చోగలదు, అందుకే మూడో ఆర్గ్యుమెంట్‌గా 25000 మైక్రోసెకన్లు ఇవ్వండి.

మోటార్లు ఇంకా తగిలించలేదు కాబట్టి, ఎడమ వేగం 100 దాటితే 13వ పిన్ మీది లైటు వెలగాలని, ప్యాకెట్లు ఆగితే ఆరిపోవాలని రాసి పరీక్షించండి.

ఐదో మెట్టు: కంప్యూటర్ వైపు ప్రోగ్రామ్

పైథాన్, పైసీరియల్ లైబ్రరీ ఈ పనికి సరిపోతాయి. పోర్టును 38400తో తెరవండి, చదవడానికీ రాయడానికీ 0.1 సెకను గడువు పెట్టండి. తెరిచాక 2 సెకన్లు ఆగాలి. పోర్టు తెరవగానే డీటీఆర్ అనే లైను యూనోను రీసెట్ చేస్తుంది, బూట్‌లోడర్ (బోర్డు లేవగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) ముగిసి మీ ప్రోగ్రామ్ మొదలయ్యేదాకా పంపినవన్నీ గాలిలో కలిసిపోతాయి. సీరియల్ మానిటర్‌లో టైప్ చేస్తే పనిచేసి, పైథాన్‌లో పనిచేయకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. సీరియల్ మానిటర్ తెరిచే ఉంటే విండోస్‌లో పైథాన్‌కు పోర్టు అసలు దొరకదు, ముందు దాన్ని మూసేయండి.

తర్వాత 50 మిల్లీసెకన్లకొకసారి తిరిగే లూప్. ఆజ్ఞ మారినప్పుడే కాదు, మారకపోయినా ప్యాకెట్ పంపుతూనే ఉండాలి. బోర్డుకు అదే ప్రాణవాయువు.

నడపడానికి గేమ్‌ప్యాడ్ మేలు, పైగేమ్ లైబ్రరీ దాన్ని చదివి ఇస్తుంది. టెర్మినల్‌లో కీబోర్డు వాడితే కీ వదిలిన సంగతి ప్రోగ్రామ్‌కు తెలియదు. పైగేమ్ విండో తెరిస్తే అది కూడా తెలుస్తుంది. ముందుకు ఎంత, పక్కకు ఎంత అని రెండు అంకెలు (మైనస్ 100 నుంచి 100) తీసుకుని, ఎడమ చక్రానికి కూడిక, కుడి చక్రానికి తీసివేత చేయాలి. ఫలితాన్ని మైనస్ 100, 100 మధ్యకు కత్తిరించి, 100 కలిపి పంపాలి.

కత్తిరించడం మర్చిపోతే తమాషా జరుగుతుంది. ముందుకు 100, పక్కకు 55 అయితే కూడిక 155, 100 కలిపితే 255. బోర్డు దాన్ని కొత్త ప్యాకెట్ మొదలు అనుకుంటుంది. 256 అయితే పైథాన్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మలుపు తిప్పినప్పుడల్లా రోబో ఒక్కసారి తడబడుతోందంటే చూడాల్సిన చోటు ఇదే.

ఆరో మెట్టు: మోటార్లు

యూఎస్‌బీ కేబుల్ తీసేసి, బ్యాటరీ స్విచ్ ఆపి వైరింగ్ చేయండి. డ్రైవర్ పిన్‌ల పేర్లు మాడ్యూల్ మీదే అచ్చయి ఉంటాయి:

- వీఎం: బ్యాటరీ ప్లస్ (స్విచ్ మీదుగా)
- వీసీసీ: యూనో 5 వోల్టుల పిన్
- జీఎన్‌డీ: బ్యాటరీ మైనస్, యూనో గ్రౌండ్ రెండూ
- ఎస్‌టీబీవై (స్టాండ్‌బై, డ్రైవర్‌ను నిద్రపుచ్చే పిన్): 4వ పిన్, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్‌లు
- పీడబ్ల్యూఎంఏ 5కు, ఏఐఎన్1 7కు, ఏఐఎన్2 8కి
- పీడబ్ల్యూఎంబీ 6కు, బీఐఎన్1 11కు, బీఐఎన్2 12కు

మోటార్లకు కరెంటు బ్యాటరీ నుంచే రావాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. చక్రం ఇరుక్కుంటే ఈ మోటారు ఒక్కటే అంతకు మించి లాగుతుంది. యూనో పిన్ నుంచి నేరుగా మోటారును నడపడం గురించి అసలు ఆలోచించొద్దు, ఒక్కో పిన్‌కు తగినది 20 మిల్లీ ఆంపియర్లే.

బ్యాటరీ వేరు, యూఎస్‌బీ వేరు అయినా గ్రౌండ్ మాత్రం ఒకటే కావాలి. డ్రైవర్‌కు వచ్చే 5 వోల్టులు ఎక్కడి నుంచి 5 అనేది గ్రౌండ్ కలిస్తేనే తెలుస్తుంది. అది కలవకపోతే మోటార్లు పిచ్చిగా వణుకుతాయి, లేదా కదలనే కదలవు.

4వ పిన్ దగ్గరి 10 కిలో ఓమ్‌లు ఎందుకంటే, బోర్డు రీసెట్‌లో ఉన్నప్పుడు దాని పిన్‌లన్నీ తేలుతూ ఉంటాయి. ఆ రెసిస్టర్ డ్రైవర్‌ను అప్పుడు నిద్రలోనే ఉంచుతుంది. ప్రోగ్రామ్ సిద్ధమయ్యాక 4వ పిన్‌ను హై చేయడం మర్చిపోకండి. అన్నీ సరిగ్గా ఉండి మోటారు ఉలకకపోతే తొంభై పాళ్లు ఇదే తప్పు.

ఒక్కో మోటారు రెండు కొనలకు అడ్డంగా 104 కెపాసిటర్‌ను మోటారు దగ్గరే సాల్డర్ చేయండి. 470 మైక్రోఫారడ్‌ది వీఎం, గ్రౌండ్ మధ్య పెట్టండి, మైనస్ గీత గ్రౌండ్ వైపు ఉండాలి. మోటారు బ్రష్‌ల దగ్గర లేచే నిప్పురవ్వల రొద యూఎస్‌బీ దాకా పాకి పోర్టును ఊడగొట్టేస్తుంది. ఈ కెపాసిటర్లు దాన్ని పుట్టినచోటే అణచివేస్తాయి.

వేగం మార్చేటప్పుడు రెండు సవరణలు. పల్స్‌ల వెడల్పును 0 నుంచి 255 దాకా మార్చే అనలాగ్‌రైట్ ఫంక్షన్‌లో 60 లోపు విలువకు ఇలాంటి మోటారు కూతపెడుతుందే తప్ప తిరగదు. కాబట్టి 1 నుంచి 100 వేగాన్ని (ప్యాకెట్‌లోని అంకెకు, ఆగు అనే 100కు మధ్య తేడా) 60 నుంచి 255కు సాగదీయండి: వేగాన్ని 195తో గుణించి, 100తో భాగించి, 60 కలపండి. మీ మోటారుకు ఆ 60 కాస్త మారొచ్చు, తిరగడం మొదలయ్యే విలువను చూసి పెట్టుకోండి. రెండోది, పూర్తి ముందుకు నుంచి పూర్తి వెనక్కి ఒక్కసారిగా మార్చొద్దు. తిరుగుతున్న మోటారు తానే పుట్టించే వోల్టేజి బ్యాటరీకి తోడై కరెంటు ఎగసిపడుతుంది. ప్రతి 20 మిల్లీసెకన్లకు 5 అంకెల చొప్పున మారిస్తే మొత్తం మార్పుకు 0.8 సెకను, గేర్లు కూడా బతుకుతాయి. ఆపే ఆజ్ఞకు మాత్రం ఈ మెల్లదనం వద్దు.

తర్వాత సర్వో (చెప్పిన కోణానికి తిరిగి నిలిచే మోటారు) పెట్టాలనుకుంటే 9, 10 పిన్‌లను ఖాళీగా ఉంచాం. యూనోలో సర్వో లైబ్రరీ చిప్‌లోని టైమర్1ను వాడుకుంటుంది, దాంతో ఆ రెండు పిన్‌ల మీద అనలాగ్‌రైట్ పనిచేయదు. మోటారు వేగాన్ని వాటి మీద పెట్టుకున్నవాళ్లకు సర్వో చేర్చిన రోజు నుంచి ఒక చక్రం పడకేస్తుంది.

ఏడో మెట్టు: చక్రాలు గాలిలో

రోబోను ఒక డబ్బా మీద, చక్రాలు నేలకు తగలకుండా పెట్టండి. 160, 140 ప్యాకెట్ పంపితే రెండూ ముందుకు తిరగాలి, ఎడమది కాస్త వేగంగా. ఏదైనా వెనక్కి తిరిగితే ప్రోగ్రామ్ ముట్టుకోకుండా ఆ మోటారు వైర్లు రెండూ తారుమారు చేయండి.

ఇప్పుడు అసలు పరీక్ష. చక్రాలు తిరుగుతుండగా పైథాన్ ప్రోగ్రామ్‌ను మధ్యలో చంపేయండి. మూడో వంతు సెకనులో ఆగాలి. మళ్లీ నడిపి, ఈసారి యూఎస్‌బీ కేబుల్ లాగేయండి. బోర్డుకు కరెంటు పోయి డ్రైవర్ నిద్రపోతుంది కాబట్టి అప్పుడూ ఆగాలి. ఆగకపోతే రోబోను నేల మీద పెట్టకండి.

తిరుగు సమాచారంగా బ్యాటరీ వోల్టేజి తెప్పించుకుంటే చాలా తంటాలు తప్పుతాయి. నిండా చార్జ్ చేసిన నాలుగు సెల్స్ 5 వోల్టులు దాటతాయి, నేరుగా వోల్టేజి కొలిచే ఏ0 పిన్‌కు ఇవ్వకూడదు. రెండు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో సగానికి తగ్గించి ఇవ్వండి. రీడింగ్‌ను 100తో గుణించి 1023తో భాగిస్తే వోల్టులో పదో వంతుల్లో వస్తుంది, 48 అంటే 4.8. గుణించే ముందు రీడింగ్‌ను లాంగ్ రకానికి మార్చాలి. యూనోలో మామూలు ఇంట్ 32767 దాకానే పడుతుంది, 491ని 100తో గుణిస్తే 49100 అయి పొంగిపోయి మైనస్ వోల్టులు చూపిస్తుంది. 254 గుర్తుగా పెట్టి, వోల్టేజి, చెడు ప్యాకెట్ల లెక్క (200 దాటకుండా కత్తిరించి) బోర్డు నుంచి కంప్యూటర్‌కు సెకనుకు రెండుసార్లు పంపండి. మోటార్లు తిరిగేటప్పుడే ఆ లెక్క పెరుగుతుంటే కెపాసిటర్లు, గ్రౌండ్ వైరు చూడండి. ఆగి ఉన్నా పెరుగుతుంటే బాడ్ రేటు చూడండి.

వైరు తీసేయాలంటే

హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్ పెడితే రెండు వైపులా ప్రోగ్రామ్ దాదాపు ఇదే. మామూలుగా అది 9600తో వస్తుంది, ఆ రేటులోనూ మన ప్యాకెట్‌కు 4.2 మిల్లీసెకన్లే, కాబట్టి బోర్డులో రేటు మార్చుకుంటే చాలు. జత కట్టేటప్పుడు అడిగే సంఖ్య సాధారణంగా 1234. దాని ఆర్‌ఎక్స్ పిన్ 3.3 వోల్టులది. యూనో 1వ పిన్ నుంచి 1 కిలో ఓమ్ మీదుగా తెచ్చి, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 2 కిలో ఓమ్‌లు పెడితే 5 వోల్టులు 3.3కు దిగుతాయి. టీఎక్స్‌ను నేరుగా 0వ పిన్‌కు ఇవ్వొచ్చు. కొత్త ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు ఈ రెండు వైర్లూ ఊడదీయాలి. బ్లూటూత్ పోర్టు తెరిస్తే యూనో రీసెట్ కాదు, ఆ 2 సెకన్ల ఆగడం ఇక్కడ అక్కర్లేదు. యూఎస్‌బీ పోయింది కాబట్టి యూనోకు విడిగా కరెంటు కావాలి. నాలుగు సెల్స్ చాలవు, విన్ పిన్‌కు 7 నుంచి 12 వోల్టులుండాలి.

వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు వాడి వైఫై మీద పంపాలనుకుంటే, నెట్‌వర్క్ మీద ప్యాకెట్లు పంపే రెండు పద్ధతుల్లో టీసీపీ కాకుండా యూడీపీ ఎంచుకోండి. టీసీపీ పోయిన ప్యాకెట్‌ను మళ్లీ తెచ్చి ఇచ్చేదాకా వెనకవన్నిటినీ ఆపుతుంది. 50 మిల్లీసెకన్లకొక కొత్త ఆజ్ఞ వస్తుంటే పాతదాన్ని పట్టుకుని వేలాడటం దేనికి? ఆ బోర్డు పిన్‌లు 3.3 వోల్టులవి, 5 వోల్టుల సెన్సర్ నేరుగా తగిలిస్తే దెబ్బతింటాయి. టీబీ6612 వీసీసీని కూడా 3.3కు మార్చండి.

వైరు లేనప్పుడు ఆగే పరీక్ష మళ్లీ చేయాలి. రోబోను డబ్బా మీదే ఉంచి చక్రాలు తిరుగుతుండగా ల్యాప్‌టాప్ పట్టుకుని గది దాటి నడవండి. సిగ్నల్ పలచబడేచోట చక్రాలు ఆగుతూ కదులుతూ ఉంటాయి, ఇంకో నాలుగడుగులు వేస్తే పూర్తిగా ఆగుతాయి. ఆగుతూ కదలడం ఎక్కడ మొదలైందో ఆ చోటే మీ రోబోకు పొలిమేర.